ట్రంకుపెట్టెల్లో ఉన్న చరిత్ర: విశాఖలో క్వియర్ కమ్యూనిటీ ఆర్కైవ్ మొదలుపెట్టి నడపడం ఎలా?

క్వియర్ చరిత్ర, అంటే హిజ్రాలు, గేలు, లెస్బియన్లు, ట్రాన్స్ మనుషుల చరిత్ర అనగానే మనవాళ్ళలో చాలామంది శిఖండి దగ్గరో బృహన్నల దగ్గరో మొదలుపెడతారు. దానితో నాకు పేచీ లేదు. కానీ భారతానికి వచ్చిన ప్రమాదం ఏమీ లేదు, పోతున్నది మొన్నమొన్నటి సంగతి. హిజ్రా కుటుంబంలో ఒక పెద్ద గురువు పోతే ఆమె ట్రంకుపెట్టె ఎవరింటికి చేరిందో ఎవరూ చెప్పలేరు. హెచ్ఐవీ ప్రాజెక్టు అయిపోయి అద్దె ఆఫీసు ఖాళీ చేసినప్పుడు ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, మీటింగు పుస్తకాలు పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్ళిపోతాయి. ఇరవై ఏళ్ళ కిందటి ఫోన్‌లో దాచుకున్న మెసేజ్‌లు ఛార్జర్ దొరక్క అందులోనే ఉండిపోతాయి.

రికార్డులో మిగిలినదైనా ఎవరు రాశారు? పోలీసులు, ఆస్పత్రి, పేపరు విలేకరి, ప్రాజెక్టు వాళ్ళు. మన గొంతు అందులో తక్కువ. దానికి కారణం ఉంది. 1862లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377ను ఢిల్లీ హైకోర్టు 2009 జులైలో సడలించింది, సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో మళ్ళీ నిలబెట్టింది, చివరికి 2018 సెప్టెంబరు 6న పెద్దవాళ్ళు పరస్పర ఇష్టంతో ఉండే సంబంధాలకు అది వర్తించదని తేల్చింది. అన్నేళ్ళ భయంలో మనవాళ్ళు తమ ఉత్తరాలు తామే కాల్చుకున్నారు, ఫొటోలో పక్కనున్న మనిషిని కత్తెరతో తీసేశారు. అలాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి మీ జ్ఞాపకాలు ఇవ్వండి అని అడిగి, వాటిని భద్రపరిచే చోటు, అంటే ఆర్కైవ్, పెట్టబోతున్నాం. కాబట్టి వస్తువులు పోగుచెయ్యడం కన్నా, వాటిని ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్నది తేల్చుకోవడమే పెద్ద పని. కింద రాసిందంతా ఆ లెక్కలోనే రాశాను.

1. ముందు మనుషుల్ని కూడగట్టుకోండి

ఐదారుగురు చాలు. కానీ ఆ ఐదారుగురూ ఒకే కాలేజీ వాళ్ళో, సిరిపురం కాఫీ షాపులో కలిసే ఒకే బ్యాచో అయితే ఆర్కైవ్ కూడా వాళ్ళ ఆల్బమ్‌లాగే తయారవుతుంది. కనీసం ఒక హిజ్రా పెద్ద, ఒక కోతి (ఆడతనంతో ఉండే, మగవాళ్ళను ఇష్టపడే మగమనిషిని మనవాళ్ళు పిలిచే మాట), ఒక ట్రాన్స్ మ్యాన్ (ఆడపిల్లగా పుట్టిందన్నా మగవాడిగా బతికే మనిషి), ఆడవాళ్ళను ప్రేమించే ఒక స్త్రీ మొదటి రోజు నుంచీ నిర్ణయాల్లో ఉండాలి. తర్వాత కలుపుకుందాంలే అనుకుంటే ఆ తర్వాత రాదు. కులం, పేట కూడా చూసుకోండి. జాలారిపేటలో పెరిగినవాళ్ళకీ ఎంవీపీ కాలనీలో పెరిగినవాళ్ళకీ సముద్రం ఒకటే అయినా బతుకు ఒకటి కాదు.

హిజ్రా కుటుంబాల్లో గురువుకు చెప్పకుండా చేలాతో, అంటే ఆమె శిష్యురాలితో మాట్లాడితే ఇద్దరి మధ్యా తగువు పెట్టినట్టే. ముందు గురువు ఇంటికి వెళ్ళి, కూర్చుని, చేస్తున్న పనేమిటో చెప్పండి. అయితే గురువు సరే అంటే చేలా కూడా సరే అన్నట్టు కాదు. ఆమెను విడిగా, కాదనడానికి వీలున్న చోట అడగాలి.

రిజిస్ట్రేషన్ తొందరేం లేదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి, వాళ్ళ పేర్లూ చిరునామాలూ ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. ఇంట్లో తెలియనివాళ్ళకి అది చిన్న విషయం కాదు. గ్రాంటు తీసుకునే అవసరం వచ్చినప్పుడు, పేరు పెట్టగలిగినవాళ్ళు ఏడుగురు దొరికినప్పుడు చూసుకోవచ్చు.

విశాఖ అంటే ఎంతవరకు అన్నది మాత్రం ముందే రాసుకోండి. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు అని మూడైంది. మనవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి కూడా వచ్చి ఇక్కడ బతికారు. నా మట్టుకు నేను జిల్లా గీత పట్టించుకోను. విశాఖలో కొంతకాలమైనా గడిపినవాళ్ళ జీవితం అంతా ఇందులోకి వస్తుందనుకుంటే సరిపోతుంది.

2. అనుమతి: ఇక్కడ ఎంత టైం పట్టినా పట్టనివ్వండి

ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఫైల్లో పెట్టేస్తే అనుమతి తీసుకున్నట్టు కాదు. సంతకం చెయ్యడానికి భయపడేవాళ్ళు, చదవడం రానివాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళ అనుమతిని నోటి మాటగా రికార్డు చేసుకోవచ్చు. కాగితమైనా గొంతైనా, అడగాల్సింది విడమరిచి, మామూలు భాషలో అడగాలి:

“అక్కా, ఈ ఫొటో మా దగ్గర ఉంచుకోమంటారా, స్కాన్ చేసి తిరిగి ఇచ్చెయ్యమంటారా? మనవాళ్ళకి మాత్రమే చూపించాలా, బయటివాళ్ళకి కూడా చూపించొచ్చా? గోడకి పెడితే మీ ఊరివాళ్ళెవరైనా చూసినా ఫర్వాలేదా? పేరు ఏది రాయమంటారు? రేపు మీరు లేనప్పుడు దీని గురించి ఎవర్ని అడగాలి?”

ఆఖరి ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అడగండి. మనిషి పోయాక పుట్టింటివాళ్ళు వచ్చి వెనకటి పేరుతో, వెనకటి బట్టలతో సాగనంపి, ఈ జీవితపు గుర్తులన్నీ పారేసిన సందర్భాలు ఎవరిని అడిగినా చెబుతారు. ఆర్కైవ్‌లో ఉన్నదాని మీద మాట చెప్పే హక్కు గురువుకా, తోడు ఉన్న మనిషికా, చెల్లెలికా అన్నది బతికుండగానే వాళ్ళ నోటితో చెప్పించుకోవాలి.

వచ్చిన జవాబుల్ని బట్టి ప్రతి వస్తువుకీ ఒక రంగు పెట్టండి. ఎరుపు అంటే ఇచ్చినవాళ్ళు, ఇద్దరు నిర్వాహకులు తప్ప ఎవరూ చూడరు. పసుపు అంటే కమ్యూనిటీ వాళ్ళు మన గదికి వచ్చి చూడొచ్చు, ఫోన్‌తో తీసుకెళ్ళకూడదు. ఆకుపచ్చ అంటే అందరికీ. ఎరుపు మీద ఒక తేదీ కూడా రాసుకోవచ్చు: ఫలానా సంవత్సరం వచ్చాక తెరవండి, లేదా నేను పోయిన పదేళ్ళకి తెరవండి. సందేహం వస్తే ఎప్పుడూ ఎరుపే. ఎరుపును తర్వాత పచ్చగా మార్చొచ్చు, పచ్చది ఒకసారి బయటికి వెళ్ళాక వెనక్కి లాగలేం.

గ్రూప్ ఫొటోల దగ్గర అసలు చిక్కు. ఇచ్చిన మనిషి ఒక్కరు, ఫొటోలో ఉన్నది పన్నెండు మంది. అందరినీ వెతికి అడగడం కుదరదు. అసలు ఫైలును ముట్టుకోకుండా ఎరుపులో పెట్టి, బయటికి చూపించే కాపీలో అడగనివాళ్ళ ముఖాలు మసకచెయ్యండి. కొంచెం మసక చాలదు, గుర్తుపట్టే చీర, పచ్చబొట్టు కూడా చూసుకోవాలి.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మనం లాయర్లమూ డాక్టర్లమూ కాదు, కోర్టు అడిగితే రికార్డింగు ఇవ్వాల్సి రావచ్చు. చిన్నప్పుడు జరిగిన లైంగిక హింస గురించి చెప్పబోతుంటే, 2012 నాటి పోక్సో చట్టంలో సంగతి తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చెయ్యాలన్న నిబంధన ఉందని రికార్డర్ నొక్కక ముందే చెప్పండి. అలాంటివాటికి సలహా అడగడానికి నమ్మకమైన లాయర్ ఒకరిని మొదట్లోనే చూసుకోండి. వ్యక్తిగత డిజిటల్ సమాచారం మీద 2023లో వచ్చిన చట్టంలో ఆర్కైవింగ్‌కు కొంత మినహాయింపు ఉంది. అది ఉంది కదా అని అనుమతి దగ్గర సర్దుకుపోవద్దు.

3. ఏం పోగుచెయ్యాలి, ఎక్కడ వెతకాలి

ఫొటోలు, ఉత్తరాలు, డైరీలు అందరూ అడిగేవే. నేనైతే వీటిని కూడా అడుగుతాను: గాజుల డబ్బా, పెళ్ళి పత్రిక, మొక్కు తీర్చుకున్నప్పటి ఫొటో, సింహాచలం గిరి ప్రదక్షిణలోనో ఊళ్ళో జాతరలోనో కలిసి తిరిగినప్పటిది, ఆపరేషన్ చీటీ, డ్యాన్స్ ట్రూప్ కార్డు, అద్దె రసీదు, పేరు మార్చుకోవడానికి రాసిన అఫిడవిట్, జిల్లా కలెక్టర్ ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్, దానికోసం తిరిగినప్పుడు పెట్టిన అర్జీల కాపీలు. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద సుప్రీంకోర్టు నల్సా తీర్పు వచ్చింది, 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య ఒక మనిషి ఎన్ని ఆఫీసులు తిరిగిందో ఆ అర్జీల మీది స్టాంపులే చెబుతాయి.

విశాఖలో అన్నిటికన్నా పెద్ద గని పాత హెచ్ఐవీ ప్రాజెక్టులే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం 1992లో మొదలైంది. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అవాహన్ అనే హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టు వచ్చింది, అది పనిచేసిన ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మనవాళ్ళు వచ్చి కూర్చునేందుకు ఈ ప్రాజెక్టులు పెట్టిన డ్రాప్-ఇన్ సెంటర్లలోనే చాలామంది మొదటిసారి తమలాంటి మనుషుల్ని చూశారు, మొదటిసారి జీతం తీసుకున్నారు, మొదటిసారి మైకు పట్టుకున్నారు. అప్పటి పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటివాళ్ళకి చెప్పడానికి మనలోంచే పెట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు నలభైలు, యాభైలు దాటుతున్నారు. వాళ్ళ ఇళ్ళలో ట్రైనింగ్ పుస్తకాలు, గ్రూప్ ఫొటోలు, నాటకం స్క్రిప్టులు, టోపీలు, బ్యాగులు ఉంటాయి. అవన్నీ తీసుకోండి.

ఒక్కటి మాత్రం తీసుకోవద్దు: మనుషుల పేర్లతో పాటు పరీక్ష ఫలితాలున్న రిజిస్టర్లు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నమ్మి చెప్పిన ఒకరి హెచ్ఐవీ స్థితిని వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చట్టం లేకపోయినా సరే, ఆ పుస్తకం మన చేతిలో ఉండాల్సిన అవసరం లేదు. ఎవరైనా తెచ్చిస్తే తెరవకుండా, అది ఏ సంస్థదో ఆ సంస్థకే తిప్పి పంపండి.

ప్రాజెక్టు రికార్డుల్లో ఇంకో లోపం ఉంది. డబ్బు వచ్చింది హెచ్ఐవీ కోసం. కాబట్టి మగవాళ్ళతో సంబంధాలున్న మగవాళ్ళూ, ట్రాన్స్ మహిళలూ లెక్కలోకి వచ్చారు. లెస్బియన్ స్త్రీలు, ట్రాన్స్ మెన్ ఏ రిజిస్టర్‌లోనూ లేరు. బీచ్‌లోనూ దొరకరు, రాత్రిపూట బయట తిరిగే వీలు వాళ్ళకి ఎప్పుడుంది గనక! వాళ్ళ జాడ హాస్టల్ గదుల్లో, నోటుబుక్కు ఆఖరి పేజీల్లో, నర్సింగ్ కాలేజీ స్నేహాల్లో, ఒకే ఇంట్లో అద్దెకుండే “అక్కచెల్లెళ్ళ” దగ్గర వెతకాలి. పేపర్లో మాత్రం వాళ్ళు ఎక్కువగా ఒకే రకంగా కనపడతారు: ఇద్దరు అమ్మాయిలు కనపడటం లేదనో, ఇద్దరూ ప్రాణం తీసుకున్నారనో. హైకోర్టు హెబియస్ కార్పస్ కేసుల్లో (మనిషిని బంధించారు, కోర్టు ముందుకి తెప్పించండి అని వేసేవి) కూడా కొన్ని దొరుకుతాయి. ఇవి తీసుకోండి గానీ ఇవే మన చరిత్ర అన్నట్టు పెట్టొద్దు. కలిసి బతికి ముసలివాళ్ళైన జంట ఒక్కటి దొరికినా ముందు వాళ్ళ దగ్గర కూర్చోండి. వాళ్ళు చెప్పుకోవడానికి ఇష్టపడకపోతే టీ తాగి వచ్చెయ్యండి.

పేపర్ల విషయానికొస్తే, ఈనాడు పుట్టిందే విశాఖలో, 1974 ఆగస్టు 10న. జిల్లా ఎడిషన్లలో మనవాళ్ళ వార్తలు ఎలా వచ్చాయో చూడాలంటే లైబ్రరీల్లో పాత బైండులు తిరగెయ్యాల్సిందే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో, ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో ఏ సంవత్సరాలవి ఉన్నాయో ముందు అడిగి వెళ్ళండి. ప్రభుత్వ కాగితాలకు సమాచార హక్కు చట్టం ఉంది. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పింఛన్లు, సర్టిఫికెట్లు, ఇళ్ళ స్థలాల మీద వచ్చిన ఆదేశాలు అడగొచ్చు, మనుషుల పేర్లు అడగొద్దు. 2022కి ముందు ఫైళ్ళు మూడు కలెక్టరేట్లలో ఎక్కడైనా ఉండొచ్చు.

ఇంటర్నెట్ మీద ఉన్నది భద్రం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పూర్తిగా పోయాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు, అందులో తమ పేరుతో, తమ చీరతో మొదటిసారి జనం ముందుకొచ్చిన తెలుగు ట్రాన్స్ అమ్మాయిల వీడియోలకి అసలు ఫైళ్ళు ఫోన్లలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నవాళ్ళని తమ అకౌంట్ సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకుని ఒక కాపీ ఇమ్మని ఇవాళే అడగండి.

4. మాటలు రికార్డు చెయ్యడం

మొదటి ప్రశ్న “మీకు ఎప్పుడు తెలిసింది?” అయితే ఇంటర్వ్యూ అక్కడే చెడిపోతుంది. ఆ ప్రశ్నకి అందరి దగ్గరా అరిగిపోయిన జవాబు ఒకటి ఉంటుంది, ప్రాజెక్టు వాళ్ళకీ టీవీ వాళ్ళకీ చెప్పి చెప్పి. దాని బదులు చోటుతో, వస్తువుతో మొదలుపెట్టండి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి మొదట ఎవరింటికి వెళ్ళారు? మొదటి చీర ఎక్కడ కొన్నారు, షాపువాడు ఏమన్నాడు? పూర్ణా మార్కెట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారు? హుద్‌హుద్ రోజు ఎక్కడున్నారు? 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖను తాకింది, ఇక్కడున్న ప్రతివాళ్ళకీ ఆ రోజు గుర్తే. కరెంటు లేని ఆ రోజుల్లో ఎవరు ఎవరింట్లో తలదాచుకున్నారో చెబుతుంటే, ఎవరి కుటుంబం ఎవరో మీరు అడగకుండానే తెలిసిపోతుంది. లాక్‌డౌన్ గురించి అడిగినా అంతే.

బాధలే అడగొద్దు. కొట్టినవాళ్ళ గురించి గంట అడిగి వండిన చేపల పులుసు గురించి ఒక్క నిమిషం అడక్కపోతే, పోలీసు ఫైలుకీ మన రికార్డుకీ తేడా ఏముంది?

ఫ్యాను ఆపాలి. విశాఖ ఉక్కపోతలో ఇది శిక్షే, అందుకే ఉదయం పూట పెట్టుకోండి, అరగంటకోసారి ఆపి ఫ్యాను వేసుకోండి. అలల దగ్గర కూర్చుని రికార్డు చెయ్యాలని అందరికీ సరదా ఉంటుంది, తర్వాత వింటే గాలి తప్ప ఏమీ వినపడదు. ఫోన్ చాలు, చొక్కాకి తగిలించే చిన్న మైకు ఒకటి కొనండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కుదిరితే వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీసుకోండి. గంట మోనో రికార్డింగు దాదాపు అర జీబీ అవుతుంది, స్టీరియో అయితే ఒక జీబీ. మొదట్లోనే తేదీ, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు అన్నది గొంతుతో చెప్పి మొదలుపెట్టాలి. ఎరుపు రంగు ఇంటర్వ్యూ అయితే అసలు పేరు రికార్డులో చెప్పకండి.

రోజు కూలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి డబ్బు ఇవ్వాలి. చరిత్రకి డబ్బిస్తే కథలు అల్లుతారని కొందరంటారు. నేను ఒప్పుకోను. బస్సు ఛార్జీ, భోజనం, ఆ పూట సంపాదన అందరికీ ఒకే లెక్కన ఇవ్వండి, ఎంత ఇచ్చారో రాసిపెట్టండి.

విన్నది రాసేటప్పుడు మాటను మార్చొద్దు. “ఏటి సెప్పమంతావు” అన్నది “ఏమి చెప్పమంటావు” అయిపోతే ఆ మనిషి ఆ కాగితంలో లేనట్టే. తమలో తాము వాడుకునే మాటలు అలాగే రాసి, వాటి అర్థం బయటికి చెప్పొచ్చా లేదా అని వాళ్ళనే అడగండి. కొన్ని మాటలు బయటివాళ్ళకి తెలియకుండా ఉండటానికే పుట్టాయి. ఎరుపు రికార్డింగుల్ని ఏ ఆన్‌లైన్ ట్రాన్స్‌క్రిప్షన్ యాప్‌లోకీ ఎక్కించకండి. చేత్తో రాయడం చాకిరీయే. గంట మాటకి ఐదారు గంటలు పడుతుందనుకుని పని పంచుకోండి.

5. కాగితాన్నీ ఫొటోనీ బతికించడం

మన ఊరి గాలే మొదటి శత్రువు. కాగితం పెట్టిన గదిలో తేమ 65 శాతం దాటి నిలబడితే బూజు పడుతుంది, విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకన్నా పైనే ఉంటుంది. ఉప్పుగాలికి స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. ముందు పిన్నులు, గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసెయ్యండి. లామినేషన్ చేయించొద్దు. సెల్లోటేపు అంటించొద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫొటో అంటుకుపోతే పీకొద్దు, పేజీతో పాటే స్కాన్ చెయ్యండి. సిలికా జెల్ పొట్లాలు వేసిన, గట్టిగా మూతపడే డబ్బాలు చాలు. ఖరీదైన ఆర్కైవ్ పెట్టెలు లేకపోయినా ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టొచ్చు. బీరువా గోడకి ఆనించకుండా, నేల నుంచి అరడుగు ఎత్తులో ఉంచండి. అటక మీద వద్దు, రేకుల కింద అసలే వద్దు.

కాగితం తడిస్తే రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ఎండలో పెట్టకుండా నీడలో, ఫ్యాను కింద విడివిడిగా ఆరబెట్టాలి. మరీ ఎక్కువైతే కవర్లలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత కొద్దికొద్దిగా ఆరబెట్టుకోవచ్చు.

ఆర్టీసీ టికెట్లు, ఏటీఎం చీటీలు, కొన్ని ఆస్పత్రి రసీదులు వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితం మీదివి, వాటి మీది అక్షరాలు వాటంతట అవే చెరిగిపోతాయి. స్కానింగ్‌లో వీటికే మొదటి వరస. మామూలు కాగితానికి 300 డీపీఐ, ఫొటోకి 600, నెగెటివ్‌లకి 2400 దాకా పెట్టండి. ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చెయ్యాలి, స్టూడియో ముద్రా చేతిరాతా అక్కడే ఉంటాయి. భద్రపరిచే కాపీ టిఫ్‌లో, చూపించే కాపీ జేపెగ్‌లో. మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ చాలు, దానికోసం గ్రాంటు వచ్చేదాకా ఆగొద్దు. అసలు ఫొటో ఇవ్వడానికి ఇష్టపడనివాళ్ళ ఇంటికి స్కానర్ తీసుకెళ్ళి వాళ్ళ ముందే చేసి అక్కడే తిరిగిచ్చెయ్యండి. నాకు ఈ పద్ధతే అన్నిటికన్నా నచ్చుతుంది, ఫొటో చూస్తూ వాళ్ళు చెప్పే మాటలు కూడా దొరుకుతాయి.

ఎవరైనా వాట్సాప్‌లో ఫొటో పంపుతానంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. పాత కరపత్రాలు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసినవి ఉంటాయి. ఆ ఫైలు దొరికితే అది తెరుచుకునే కంప్యూటర్ ఉన్న సెంటర్‌లోనే పీడీఎఫ్ చేయించుకోండి. తెలుగు పాఠాన్ని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేస్తే తప్ప వెతుకులాటకి దొరకదు.

6. పేర్లు, జాబితా

ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. వస్తువు నంబరు, ఏమిటి, ఎప్పటిది, ఎక్కడిది, ఎవరిచ్చారు, రంగు, అనుమతి కాగితం నంబరు, ఎక్కడ ఉంచాం. తేదీ తెలియకపోతే “2005 ప్రాంతం” అని రాయండి, ఊహించి ఖచ్చితమైన తేదీ వెయ్యొద్దు. ఫైలు పేరులో మనిషి పేరు ఎప్పుడూ ఉండకూడదు, నంబరు మాత్రమే. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా వేరే ఫైలుగా, వెరాక్రిప్ట్ లాంటి దానితో తాళం వేసి, ఇద్దరి దగ్గర మాత్రమే ఉంచాలి.

మనిషిని వాళ్ళు ఇప్పుడు చెప్పుకునే పేరుతో, మాటతో రాయాలి. పాత సర్టిఫికెట్‌లో వేరే పేరుంటే అది ఎరుపు జాబితాలో ఉంటుంది. పేపరు హెడ్డింగులో బూతుమాట ఉంటే దాన్ని చెరపకుండా ఉన్నదున్నట్టు రాసి, ఇది పత్రిక మాట అని పక్కన గుర్తు పెట్టండి.

వస్తువులు వందలు దాటాక ఒమేకా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూసుకోవచ్చు. మనలా ఎవరికి ఏది చూపాలన్న లెక్క ఉన్న ఆదివాసీ సమూహాల కోసం తయారైన ముకుర్తు కూడా పరిశీలించదగ్గదే.

7. కాపీలు

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఊరి బయట. హుద్‌హుద్‌లో గాలి గంటకి 170 కిలోమీటర్లు దాటింది. మూడు కాపీలూ బీచ్ రోడ్డు చుట్టుపక్కల మూడు ఇళ్ళలో ఉంటే ఒక్క కాపీ ఉన్నట్టే లెక్క. ఒకటి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి. డిస్కులన్నిటికీ పాస్‌వర్డ్ తాళం ఉండాలి. ప్రతి ఫైలుకీ ఒక చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు నంబరు) తీసి దాచుకుని, ఏడాదికోసారి పోల్చి చూడండి. ఐదేళ్ళకోసారి హార్డ్ డిస్కులు మార్చండి, పనిచేస్తున్నా సరే.

8. చూపించడం

మొదటి ప్రదర్శన బయటివాళ్ళకి పెట్టొద్దు. ఇచ్చినవాళ్ళనే పిలిచి, ఒక సాయంత్రం తలుపులు వేసుకుని, గోడల మీద ఫొటోలు పెట్టి, రెండు మూడు రికార్డింగులు వినిపించండి. ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో. వాళ్ళు అక్కడే తప్పులు దిద్దుతారు: ఈవిడ ఫలానా కాదు, ఇది ఆ ఏడాది కాదు, దీన్ని తీసెయ్యండి. అక్కడ ఎవరైనా పసుపు ఫొటోని పచ్చ చెయ్యమంటే ఆ రాత్రే ఒప్పుకోకుండా వారం ఆగి మళ్ళీ అడగండి. పదిమంది మధ్య వచ్చిన ధైర్యం ఇంటికెళ్ళాక ఉంటుందో లేదో.

తర్వాత చిన్న పుస్తకాలు వెయ్యండి. పదహారు పేజీలు, జెరాక్స్ షాపులో, ఒక్కో దానిలో ఒక్క మనిషి కథ. తెలుగులో ముందు, ఇంగ్లీషు కావాలంటే తర్వాత. బడికి వెళ్ళని అమ్మలకి చదివి వినిపించడానికి ఆడియో ఒకటి జత చేసి వాట్సాప్‌లో పంచండి. కాలేజీల్లో పెట్టాలంటే అక్కడ మాట్లాడేది కమ్యూనిటీ మనిషే అయ్యుండాలి, ఆ మాటకి వాళ్ళకి డబ్బులివ్వాలి.

సిటీ మ్యాపు మీద మన చోట్లు గుర్తుపెట్టాలని అందరికీ ఉత్సాహం. ఇక్కడ నేను గట్టిగా ఉంటాను. ఇప్పటికీ మనవాళ్ళు కలుసుకునే చోటు ఏదీ బహిరంగ మ్యాపులో ఉండకూడదు, దాన్ని పోలీసులూ చూస్తారు, డబ్బు గుంజేవాళ్ళూ చూస్తారు. మూతపడ్డ సినిమా హాలు, కూల్చేసిన లాడ్జి, ఎత్తేసిన ఇంటర్నెట్ సెంటర్ అయితే ఫర్వాలేదు. ఇల్లు ఎవరిదైనా గుర్తుపట్టేలా ఉంటే వద్దు. ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి ఫొటో నుంచీ లొకేషన్ సమాచారం తీసెయ్యండి, ఎగ్జిఫ్‌టూల్ ఆ పని చేస్తుంది.

కాపీరైటు కూడా చూసుకోవాలి. ఫొటో మీద హక్కు మామూలుగా తీసినవాళ్ళది. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళది. పేపరు కటింగులు మన గదిలో చూపించడం వేరు, వెబ్‌సైట్‌లో పెట్టడం వేరు.

9. తీసేసే దారి, అప్పజెప్పే దారి

ఎవరైనా తమది వెనక్కి ఇచ్చెయ్యమంటే కారణం అడగకూడదు. పెళ్ళి కుదిరిందనో, ఉద్యోగం వచ్చిందనో, దేవుడి దారి పట్టాననో, ఏదైనా సరే. ఎన్ని రోజుల్లో తీసేస్తారో ముందే రాసిపెట్టండి, వారం మంచి గడువు. ఊరి బయటి కాపీలోంచి కూడా తీసెయ్యాలి. జాబితాలో “ఇచ్చినవారి కోరికపై తీసేశాం” అని ఒక్క వాక్యం మిగులుతుంది, పేరు లేకుండా.

మన గుంపులు విడిపోతాయి, దాచుకోవాల్సిన పని లేదు. ఉద్యోగాలకి వెళ్ళిపోతారు, తగువులు పడతారు, అలిసిపోతారు. కాబట్టి పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉన్నాయి, ఒకరు వెళ్ళిపోతే ఎవరికివ్వాలి, అందరూ వెళ్ళిపోతే పెట్టెలు ఎక్కడికి పోవాలి అన్నది ఒక కాగితం మీద రాసి ముగ్గురి దగ్గర ఉంచండి. బెంగళూరు నేషనల్ లా స్కూల్లో ఉన్న క్వామ్రా లాంటి క్వియర్ ఆర్కైవ్‌తో ముందే మాట్లాడి ఉంచుకోవచ్చు. కానీ అక్కడికి పంపేది పచ్చరంగు వస్తువులే. పసుపువి పంపాలంటే ఇచ్చిన ఒక్కొక్కరినీ మళ్ళీ అడగాలి, దొరకనివాళ్ళవి పంపకూడదు. ఎరుపువి ఇచ్చినవాళ్ళకో వాళ్ళు చెప్పిన మనిషికో చేరాలి, ఎవరూ లేకపోతే ఏం చెయ్యాలో మొదటి రోజు అడిగిన ప్రశ్నల్లోనే అదీ ఒకటి అయ్యుండాలి. ఏటా సెప్టెంబరులో, తుఫానుల కాలం మొదలవకముందు ఒక ఆదివారం ఆ కాగితం, తాళాలు, డిస్కులు, సిలికా జెల్ పొట్లాలు అన్నీ ఒకసారి బయటికి తీసి చూసుకోండి.